పదిహేనంగుళాల వూఫర్లు

మార్చి 9, ఆదివారం

మనవడు వచ్చాడు. మూడో నెల వెళ్ళీ వెళ్ళగానే కోడలు హరిణి ఉప్పల్‌లో పుట్టింటి నుంచి వాడిని ఎత్తుకుని నాచారం వచ్చేసింది. పేరు హృషికేశ్. బొద్దుగా ఉన్నాడు, ముక్కు మా వైపుది. వెనకాలే ట్రాలీ ఆటోలో ఉయ్యాల, పరుపులు, బకెట్లు, ఇంకా ఏవేవో దిగాయి. వియ్యపురాలు శ్యామలమ్మ హాలు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, "అన్నయ్యా, గీ బీరువాలు జర గోడకు జరిపితె ఉయ్యాల మంచిగ పడ్తది" అంది.

బీరువాలట. డెబ్బైల్లో అమెరికాలో చేసిన స్పీకర్లవి. నడుము దాకా ఎత్తు, వాల్‌నట్ చెక్క, ఒక్కోదాంట్లో పదిహేనంగుళాల వూఫర్. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మూతపడి సామానంతా అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. అప్పటికి మా అబ్బాయి ధీరజ్ ఇంకా పుట్టలేదు. కదపాలంటే ఒక్కోదానికి ఇద్దరు మనుషులు కావాలి. గోడకు ఆనిస్తే బేస్ ముద్దముద్దగా వస్తుంది, కాబట్టి ముందుకే ఉండాలి. ఇదంతా ఆవిడకు చెప్పి ఏం లాభం? ఉయ్యాల బెడ్‌రూంలో వేయించాను.

మార్చి 13

"మామయ్యా, జర సౌండ్ తగ్గించుండ్రి. పసి చెవులు."

పొద్దున్నుంచి ఇది మూడోసారి. ప్రభుత్వ కంపెనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు శబ్దం కొలిచి రిటైరైన మనిషికి ఈ పిల్ల సౌండ్ గురించి పాఠం చెబుతోంది. ఎంత పెడితే చెవికి ప్రమాదమో నాకు తెలుసనీ, దానికి చాలా కిందే పెడుతున్నాననీ చెప్పాను. ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ధీరజ్ పోచారం నుంచి ఆఫీసు బస్సు దిగాడో లేదో, చెవిలో వేసింది. వాడు బూట్లు విప్పుతూనే, "నాన్నా, వాడి చెవులకేమైనా అయిందంటే ఈ రెండూ పాత సామాన్ల బండికి వేసేస్తా. తమాషాకి అనట్లేదు" అన్నాడు. కన్న కొడుకు. వాడిని చిన్నప్పుడు నిద్రపుచ్చింది ఈ స్పీకర్లే.

వాడి దగ్గరొకటి ఉంది, అరచేతిలో పట్టే డబ్బా. ఫోన్‌తో పాడుతుంది. బాత్‌రూంలోకి కూడా తీసుకుపోతాడు. అది పాట వస్తోందని కబురు చెబుతుంది, అంతే. నావి పాడే మనిషిని తీసుకొచ్చి హాల్లో కూర్చోబెడతాయి. చరణానికి ముందు గాయని ఊపిరి తీసుకోవడం, తబలా మీద అరచేయి జారడం, వెనక వయొలిన్లలో ఎవరో కుర్చీ సర్దుకోవడం, అన్నీ ఉంటాయి. దిగువ మంద్రం వచ్చినప్పుడు కూర్చున్న కుర్చీలోంచి వెన్నులోకి వస్తుంది. వూఫర్‌లోని పెద్ద కాగితపు కోను పెద్ద గాలిని తోస్తుంది, అరచేతి డబ్బాకు అది చేతకాదు. ఇది అనుభవించిన వాడు మళ్ళీ డబ్బా ముందు కూర్చోలేడు.

మార్చి 23, ఆదివారం

ఎంత మంచి రోజు!

మా పాత స్పీకర్ల గ్రూపు వాళ్ళు వచ్చారు. హరిణి స్నానానికి వెళ్ళింది, పిల్లాడు నా ఒళ్ళో నిద్రపోతున్నాడు. వాడిని తెచ్చి కుడి స్పీకర్ ముందు దివాన్ మీద పడుకోబెట్టి డోలు రికార్డు పెట్టాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వాడు కదిలితేనా! పెదవి మీద చిన్న నవ్వు, అంతే. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. గిరిప్రసాద్ ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. 'పుట్టుకతోనే రసికుడు' అని కింద రాశాడు. రాత్రి దాకా చేతులు జోడించిన బొమ్మలు వస్తూనే ఉన్నాయి.

కొమురెల్లి మాత్రం ఏమీ అనలేదు. రైల్వేలో సిగ్నల్ ఇంజనీరుగా చేశాడు, ఉప్పల్ డిపో వెనక ఇల్లు. వాడి హార్న్ స్పీకర్లు నావాటి ముందు పీలగా వినిపిస్తాయి, అదీ వాడి బాధ.

ఏప్రిల్ 17

హరిణి కొత్త పాట మొదలుపెట్టింది. "పిల్చినా తిరుగుతలేడు మామయ్యా. ఎదురుంగ ఉంటె నవ్వుతుండు. వెనుక నుంచి పిలిస్తె అసల్కే తిరుగుతలేడు. నాకు భయమైతుంది."

ఫోన్ చూసుకుంటూ పిలిస్తే ఎవరు తిరుగుతారు అన్నాను. కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. ఈ కాలం పిల్లలకు దేనికైనా కన్నీళ్ళే.

ఏప్రిల్ 18

స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టాను, వాడి తల వెనక. నిద్రలో ఉన్నాడు.

ఏప్రిల్ 19

మళ్ళీ కొట్టాను. నిద్రలో లేడు.

ఏప్రిల్ 22

పిల్లలందరూ ఒకేలా ఉండరు. ధీరజ్‌కు మాటలు ఆలస్యంగానే వచ్చాయి.

ఒకవేళ ఏదో ఉందనే అనుకుందాం. ఇప్పుడు చెబితే ఏమంటారు? 'స్పీకర్ల వల్లే' అంటారు. కొలిచేదీ లేదు, ఆలోచించేదీ లేదు, తల్లీ కూతుళ్ళు కలిసి తేల్చేస్తారు. ధీరజ్ అన్నంత పనీ చేస్తాడు. మర్నాడు గేటు ముందు బండి. ఎవడో వాటిని పగలగొట్టి అయస్కాంతాలు తీసుకుపోతాడు.

కొన్నాళ్ళు చూద్దాం. చూడడంలో తప్పేముంది.

మే 11, ఆదివారం

ఇవాళ్టితో ఆ గొడవ తీరిపోయింది.

హరిణి డాక్టర్ దగ్గరికి వెళ్దామని వారం రోజులుగా ధీరజ్‌ను పీడిస్తోంది. ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏడుపు మొదలైంది. నేను చేయి కడుక్కుని లేచి, "వాడిని ఇటు తే" అన్నాను. దివాన్‌ను జరిపి కుడి స్పీకర్‌కు ఆనించాను. పరుపు తీసేసి, చెక్క మీద పల్చటి దుప్పటి వేసి వాడిని వెల్లకిలా పడుకోబెట్టాను. "ఇప్పుడు ఎవరూ మాట్లాడకండి. చూడండి" అని డోలు పెట్టాను.

మొదటి దెబ్బకే కళ్ళు ఇంతింత చేశాడు. రెండోదానికి కాళ్ళు తన్నాడు. నాలుగోదానికి కిలకిల నవ్వు. ఆపితే ఆగాడు. పెడితే మళ్ళీ నవ్వాడు.

"చూశావా? అనవసరంగా చంపేస్తున్నావ్ నన్ను" అని ధీరజ్ పెళ్ళాం భుజం మీద చేయి వేశాడు. ఆ పిల్ల అక్కడే కింద కూలబడి ఏడ్చింది, ఈసారి సంతోషంతో. తర్వాత వచ్చి, "సారీ మామయ్యా. మీరు జెప్తె నమ్మలే" అంది. పర్వాలేదమ్మా అన్నాను. మా ఆవిడ తారామణి పాయసం చేసింది.

అందరూ పడుకున్నాక వాడిని బెడ్‌రూంలో దూది పరుపు మీద వేసి, హాల్లో వేణువు పెట్టాను. తలుపు తెరిచే ఉంచాను. సౌండ్ బాగా పెంచాను. వాడు ఫ్యాన్ చూస్తున్నాడు.

వేణువు కష్టమైన వాద్యం. పెద్దవాళ్ళకే పట్టదు.

జూన్ 5

హరిణి మళ్ళీ ఉద్యోగంలో చేరింది. పగలంతా వాడు మా ఇద్దరి దగ్గరే. తారామణి వంటింట్లో ఉంటే నా దగ్గరే. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చెబుతున్నాను. ఇది ఆంప్, ఇది రికార్డు మీద ఆడే సూది, వూఫర్ చుట్టూ ఈ ఫోమ్ అంచు పొడిపొడిగా రాలిపోతే కొత్తది అతికించాలి, ఇలాంటివి ఇప్పుడెవరూ చేయరు రా. బుద్ధిగా వింటాడు. ఈ ఇంట్లో నేను చెప్పేది ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. నాకు వాడంటే ప్రాణం. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది.

జూన్ 19

తారామణి అన్నం కలుపుతూ, "ఏమండీ, వీడు మన కళ్ళలోకి చూడడు, గమనించారా? నోటి వంకే చూస్తాడు" అంది.

ఆకలేస్తోందేమో అన్నాను.

జులై 13, ఆదివారం

గ్రూపు వాళ్ళు వచ్చారు. మళ్ళీ అదే ఆట. ఈసారి నిద్రపోతున్నవాడిని తెచ్చి దివాన్ మీద మెత్తటి పరుపు వేసి పడుకోబెట్టాను, కదల్లేదు. చప్పట్లు కొట్టారు.

వెళ్ళేటప్పుడు కొమురెల్లి చెప్పులేసుకుంటూ ఆగిపోయాడు. "పాండన్నా, ఏమనుకోకు. పిల్లగాడు ఉలిక్కిపడ్తలేడు. గంత దరువు పడ్డా కనురెప్ప గూడ ఆడ్తలేదు. నిద్రల గూడ పిల్లలు జర అదురుతరు. చెవుల డాక్టర్‌కు చూపెట్టు."

"నీ హార్నుల ముందు పడుకోబెడితే అదురుతాడేమోలే" అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "మజాక్ కాదన్నా. కోడలికి నేను జెప్పనా?" అన్నాడు.

నా కోడలికి చెబుతాడట! మా ఇంటి సంగతి మధ్యలో వీడెవడు?

రాత్రి వాడిని గ్రూపులోంచి తీసేశాను. ఎందుకని అడిగినవాళ్ళకు, నా దగ్గర రికార్డులు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వడం లేదని చెప్పాను. ఇరవై ఏళ్ళ స్నేహం. పోతే పోయింది.

జులై 16

కొమురెల్లి ఫోన్. ఎత్తలేదు.

జులై 17

మళ్ళీ. నంబర్ బ్లాక్ చేశాను. మనసుకు హాయిగా ఉంది.

ఆగస్టు 10

పక్క వాటాలో వంశీకృష్ణ కూతురు వీడికంటే రెండు వారాలు చిన్నది. అత్త, తాత అంటోందట. హరిణి అది చెప్పి ఊరుకుంది. నన్నేమీ అడగలేదు. నేను స్పీకర్ల జాలీలు విప్పి బ్రష్‌తో దుమ్ము దులిపాను.

సెప్టెంబర్ 4

తొమ్మిదో నెల టీకా. ధీరజ్‌కు ఆఫీసు, కాబట్టి నేనే కారు తీశాను. చిన్నపిల్లల డాక్టర్ వాడిని తూకం వేసి, పొట్ట నొక్కి, "పిలిస్తే తిరుగుతున్నాడా? అత్త, తాత అంటున్నాడా?" అని అడిగాడు.

హరిణి నా వైపు చూసింది. తర్వాత, "అంటలేడు సార్. ఒక్కోసారి నాకు..." అని మొదలుపెట్టింది.

"బ్రహ్మాండంగా వింటున్నాడు డాక్టర్‌గారూ" అన్నాను. "నేను శబ్దాల ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు చేశాను. రోజూ నేనే పరీక్ష చేస్తుంటాను. అత్తలూ తాతలూ నిదానంగా వస్తాయి, వీళ్ళ నాన్నకూ అంతే."

డాక్టర్ నవ్వి, "ఇంట్లోనే ఎక్స్‌పర్ట్ ఉన్నాడమ్మా, నీకు ఫికరెందుకు?" అన్నాడు. కాగితం మీద ఏదో టిక్కు పెట్టాడు.

 పిల్లాడు టీకా పొడిచినప్పుడు ఏడ్చాడు. వాడి ఏడుపు ఈ మధ్య వింతగా ఉంటోంది, పైకి లేవదు, దిగదు, ఒకే తీరుగా సాగుతుంది. నాకు అలాంటివి వెంటనే పట్టుబడతాయి.

సెప్టెంబర్ 21, ఆదివారం

బతుకమ్మ. హరిణి పిల్లాడితో ఉప్పల్ వెళ్ళింది. పండగ అయ్యేదాకా అక్కడే. ఇల్లు ప్రశాంతంగా ఉంది. కడుపు నిండా పాటలు విన్నాను.

సెప్టెంబర్ 26

శ్యామలమ్మ ఎవరినీ అడగలేదు. వాడిని చంకనేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తారామణికి ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ స్పీకర్ ఆన్ చేసి ఉంది కాబట్టి నేనూ విన్నాను. "కుక్కర్ కూత పెట్టింది వదినా. పక్కింటి పొల్ల అదిరిపడి ఏడ్సింది. మనోడు బొమ్మ నోట్లె పెట్టుకొని ఆడుకుంటుండు. ఒక్కసారి గాదు, నాలుగు కూతలు. నా పానం జల్లుమన్నది." తర్వాత ఆవిడ ఏడుపు. 

రెండు చెవులూ వినపడవట. తలకు తీగలు పెట్టి, నిద్రపుచ్చి చేశారట పరీక్ష.

రాత్రి నాకు అన్నం సయించలేదు. స్పీకర్లు రెండూ చూస్తూ కూర్చున్నాను. రేపో ఎల్లుండో వచ్చేస్తుంది పాత సామాన్ల బండి.

సెప్టెంబర్ 28, ఆదివారం

వచ్చారు. పిల్లాడిని తేలేదు.

ధీరజ్ సోఫాలో కూర్చుని నేల చూస్తున్నాడు. నేనే ముందు మొదలుపెట్టాను. నేను ఎప్పుడూ హద్దు దాటి సౌండ్ పెట్టలేదని, కావాలంటే మీటర్ తెచ్చి చూపిస్తానని, ఈ స్పీకర్ల వల్ల...

"స్పీకర్లది తప్పు లేదంట మామయ్యా" అంది హరిణి. గొంతు మామూలుగానే ఉంది. "పుట్టుకతోనే అంట. మీ స్పీకర్లకు, దీనికి ఏం సంబంధం లేదని డాక్టర్ చెప్పిండు."

నిజం రాస్తున్నాను, ఎవరికి దాచాలి. గుండెల మీంచి బండరాయి దింపినట్టయింది. "నేను చెప్పలేదూ?" అన్నాను. నవ్వానేమో కూడా. తారామణి నన్ను చూసిన చూపు బట్టి నవ్వే ఉంటాను.

హరిణి అలాగే నిలబడి ఉంది. "మూడో నెలల తీస్కొస్తె అప్పుడే చెవి మిషన్లు పెడ్తుంటిమి అన్నడు. ఆరు నెలలు పోయినయన్నడు. గిప్పుడు మిషన్లు పెట్టినా, తర్వాత ఆపరేషన్ జేసినా, పోయిన నెలలు మాటలల్ల తెలుస్తయంట. ఇన్ని రోజులు ఏం జేసిన్రు అని అడిగిండు. మా ఇంట్ల చప్పుళ్ళు తెల్సినాయన ఉన్నడు, డోలు పెట్టి చూపెట్టిండు, బాబు నవ్విండు అని చెప్పిన."

హరిణి ఆగలేదు.

"డాక్టర్ బాబును చెక్క బల్ల మీద పండవెట్టి, కింద నుంచి పిడికిలితోని తట్టిండు. గట్లనే నవ్విండు బాబు. అది ఇనుడు గాదు, వీపుకు తగిలే అదురు అన్నడు." నా దగ్గరికి వచ్చింది. "గది మీకు ఎర్కలేదా మామయ్యా? ముప్పై ఏండ్లు గదే పని జేసిన్రు. చెక్కకు ఆనిస్తె అదురు పోతదని మీకు ఎర్కలేదా?"

ధీరజ్ తలెత్తాడు. వాడి ముఖంలో ఆశ ఉంది. నేను తెలియదంటే చాలు, వాడు నమ్ముతాడు. ముసలాయన పొరబడ్డాడు అనుకుంటారు, నాలుగు రోజులు తిట్టుకుంటారు, అయిపోతుంది. ఆ ఒక్క మాట నోటి చివర ఉంది.

కానీ ఆ పిల్ల అడిగిన తీరు చూడు. ఎర్కలేదా అట! ఆ దివాన్ పరుపు ఎందుకు తీశానో, ఏ రికార్డు ఎందుకు ఎంచానో ఈమెకేం తెలుసు?

"నాకు తెలియకపోవడమేమిటి?" అన్నాను. "మొదటేడు ట్రైనీలకు నేర్పేది అదే."

 ధీరజ్ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. హరిణి దండెం మీద పిల్లాడి బట్టలు ఒక్కొక్కటీ తీసి సంచిలో పెట్టుకుంది. తడిగా ఉన్నవి కూడా వదల్లేదు.

అక్టోబర్ 4

వాళ్ళు ఉప్పల్‌లోనే అద్దెకు చూసుకుంటున్నారు, శ్యామలమ్మ ఇంటి దగ్గర. తారామణి కూడా వెళ్ళింది. పిల్లాడిని రోజూ మాటల శిక్షణకు తీసుకెళ్ళాలట, అందుకు ఒక మనిషి కావాలట. ఎప్పుడొస్తావన్నాను. "తెలీదండీ" అంది. కూర ఫ్రిజ్‌లో ఉందని చెప్పింది. చెప్పులేసుకుని, మళ్ళీ విప్పి, లోపలికి వచ్చి, "వాడు మీ ఒళ్ళోనే పెరిగాడు కదండీ" అంది. 

అక్టోబర్ 12, ఆదివారం

గ్రూపు వాళ్ళెవరూ రాలేదు. గిరిప్రసాద్ ఆ ఫొటో తీసేశాడు. కొమురెల్లి మళ్ళీ గ్రూపులో ఉన్నాడు. ఎవరు చేర్చారో తెలియదు.

దివాన్ తీయించి స్పీకర్లను ఎంత దూరంలో పెట్టాలో అంత దూరంలో పెట్టించాను. ఉయ్యాల గదిలో ఆల్మరాలో రికార్డులు సర్దాను. ఈ హాల్లో ఇంత శుభ్రమైన సౌండ్ ఎప్పుడూ రాలేదు. రెండు పాటలు విని ఆపేశాను.

నవంబర్ 7

వాడికి మిషన్లు పెట్టారు. తారామణి చెప్పింది. వాటితో ఏ మాత్రం వినపడుతుందో ఇప్పుడే తెలియదట, పెద్ద చప్పుళ్ళయితే కొంత తెలుస్తాయట. శ్యామలమ్మ వెనక నుంచి గిన్నె కింద పడేస్తే ఏడుపు ముఖం పెట్టి తల తిప్పాడట. ఇంటిల్లిపాదీ ఏడ్చారట.

గిన్నె శబ్దం. వాడు జీవితంలో విన్న మొదటి శబ్దం, వంటింటి గిన్నె. నేల మీద పడితే అదురు కూడా ఉంటుంది, అది సరైన పరీక్ష కాదు అన్నాను. తారామణి ఫోన్ పెట్టేసింది.

నవంబర్ 9, ఆదివారం

రాత్రంతా ఆలోచించాను. ఇప్పుడు వాడికి మంచి శబ్దం వినిపించాలి. మొదట మంద్రం, నెమ్మదిగా, తర్వాత పైకి. దానికి ఇవి ఉన్నాయి, నేనున్నాను. ఎవడైనా ఇంతకంటే బాగా చేయగలడా? పొద్దున్నే ధీరజ్‌కు ఫోన్ చేశాను. వాదించలేదు, బతిమాలాను. ఒక్క గంట తీసుకురా రా, దూరంగా కూర్చుంటాను, సౌండ్ నువ్వే పెట్టు, నేను ముట్టుకోను.

 వెనక ఎక్కడో తారామణి గొంతు, 'హృషీ, హృషీ, ఇటు' అంటోంది.

"పోనీ ఫోన్‌లో ఇవ్వు. రెండు మాటలు మాట్లాడతాను" అన్నాను.

"వద్దు నాన్నా" అన్నాడు ధీరజ్. "నీ గొంతు వాడు ఇంతవరకూ వినలేదు. ఇక వినక్కర్లేదంది హరిణి."

మరి నువ్వేమంటావురా అని అడిగాను.

"నేనూ అదే అన్నాను" అన్నాడు.